రెండో ఉండ

పోయిన వారం నోర్జోమ్‌ని మనం టిబెట్ బౌద్ధ సన్యాసినులైన ఆనీల మఠం వంటింటి గుమ్మంలో వదిలిపెట్టి వచ్చాం. చేతిలో టీ గిన్నె, ఎదురుగా తల్లి, ఆ తల్లి నోటి నుంచి అప్పుడే జారిపడిన ఒక మాట. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం కదా! ఇరవై ఆరేళ్ల కిందట, ఏడేళ్ల నోర్జోమ్‌ని బడిలో వెయ్యాలా, గుండు గీయించి ఆనీని చెయ్యాలా అని తేల్చుకోలేక, తండ్రి ఫుర్బు ఇంట్లో దేవత ముందు పిండి ఉండలు తిప్పాడు. బార్లీ పిండి తడిపి, సరిసమానంగా తూచి రెండు ఉండలు చేసి, ఒక్కోదాని కడుపులో ఒక్కో చీటీ పెట్టి, గిన్నెలో వేసి గిరగిరా తిప్పితే ఒకటి ఎగిరి కింద పడింది. ఫుర్బు దాన్ని విప్పి 'ఆనీ' అని చదివాడు. దేవత మాట అనుకుని ఇల్లంతా కళ్లకద్దుకుంది. ఆ ఉండని నమ్ముకునే నోర్జోమ్ ఎర్ర బట్ట కట్టింది. పదిహేడేళ్లు తర్కం, శాస్త్రం చదివి పెద్ద పరీక్ష గడప దాకా వచ్చింది. తీరా ఇప్పుడు తల్లి యాంగ్చెన్ వచ్చి చెప్పిందేమిటయ్యా అంటే, "మీ నాన్న పోయే ముందు నా చెవిలో చెప్పాడమ్మా, రెండు ఉండల్లోనూ ఒకటే రాశానని."

అంతే. నోర్జోమ్ ఆ గిన్నె అక్కడే పెట్టి, తిన్నగా ఆఫీసుకు వెళ్లి, పరీక్ష జాబితాలో తన పేరు కొట్టెయ్యమంది.

అది జరిగి ఇవాళ్టికి మూడో రోజు. ఈ మూడు రోజుల్లో ఆమె తల్లితో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. యాంగ్చెన్ అతిథుల గదిలో కూర్చుని సాక్సులు అల్లుకుంటూ ఉంది. రేపు తెల్లారితే ఆవిడ టిబెటన్ల క్యాంపు వాళ్లతో కలిసి స్వెట్టర్ల మూటలు వేసుకుని బెజవాడ బస్సెక్కాలి, మళ్లీ చలికాలం అయిపోయేదాకా రాదు. ఇటు చూస్తే పరీక్ష జాబితా ఇవాళ నాలుగింటి హుబ్లీ బస్సుకు వెళ్లిపోవాలి. ఆ బస్సు దాటితే మళ్లీ ఏడాది దాకా పరీక్ష మాటే లేదు. అయినా నోర్జోమ్ మనసులో ఉన్నది ఏడాది గురించి కాదు, అసలు ఈ ఎర్ర బట్ట ఉంచాలా తీసెయ్యాలా అన్నంత దూరం వెళ్లిపోయింది ఆ పిల్ల. ముప్ఫై మూడేళ్ల మనిషిని పిల్ల అంటున్నాననుకోకండి. తల్లి మీద అలిగినప్పుడు ఎవరైనా పిల్లలే.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆనీలందరూ ఎవరి గదులకి వాళ్లు వెళ్లిపోయారు. వాదాల ముంగిలి ఖాళీగా ఉంది. పొద్దున పూటైతే అక్కడ యాభై మంది ఆనీలు ఒకేసారి చప్పట్లు చరుస్తూ, అరుస్తూ, కాళ్లు నేలకేసి తంతూ శాస్త్రం చెప్పుకుంటుంటే, కొత్తవాళ్లు చూసి కొట్టుకుంటున్నారనుకుంటారు. ఇప్పుడు కంకర మీద సిల్వర్ ఓక్ ఆకులు తప్ప ఏమీ లేవు. నోర్జోమ్ మెట్ల మీద కూర్చుని ఒక ఆకు తీసుకుని ముక్కలు చేస్తూంది. అది ఆమెకు తెలియకుండానే చేస్తూంది. తెలిశాక, 'ఇది కూడా నేను చేసింది కాదు, చెయ్యే చేసింది' అనుకుంది. మూడు రోజులుగా ఇదే బాధ. ఏ ఆలోచన వచ్చినా, ఇది నాదేనా, నాలో ఎవరో పెట్టి వెళ్లిందా అన్న అనుమానం. దేవత ఎంచింది అనుకున్నన్నాళ్లూ ఈ అనుమానం ఒక్కసారి రాలేదు. నాన్న ఎంచాడు అనేసరికి ఊపిరాడకుండా వచ్చి పడింది.

యాంగ్చెన్ అల్లికల సంచీ భుజాన వేసుకుని వచ్చింది. కూతురి పక్కన కూర్చోలేదు. ముంగిలి మధ్యకు వెళ్లి, జవాబు చెప్పేవాళ్లు కూర్చునే పరుపు మీద, అబ్బా అంటూ మోకాళ్లు పట్టుకుని చతికిలబడింది.

"లే," అంది.

నోర్జోమ్ తలెత్తింది.

"లేచి ఇక్కడికొచ్చి నిలబడు. ఊరికే కూర్చుని మాట్లాడుకుంటే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి నేను ఏడుస్తాను, ఈలోగా బస్సు కాస్తా పోతుంది. మీ పద్ధతిలోనే అడుగు. నేను జవాబు చెబుతా."

"నీకు వాదం ఏం వచ్చమ్మా?"

"ఎందుకు రాదూ? ఇన్నేళ్లుగా వచ్చినప్పుడల్లా ఆ గోడ పక్కన కూర్చుని సాక్సులు అల్లుకుంటూ వింటూనే ఉన్నా. మీరు పొద్దస్తమానం శూన్యం, శూన్యం అని అరుచుకుంటారు. నాకు అర్థమైంది కూడా అదే, శూన్యం. కానీ కూర్చున్నవాళ్లు చెప్పే జవాబులు నాలుగే కదా! నాలుగు ముక్కలు చిలక్కి కూడా వస్తాయి."

ఆ మాట నిజమే. నిలబడ్డవాళ్లు ఏమైనా అడగొచ్చు. కూర్చున్నవాళ్లకి మాత్రం నాలుగే దారులు. ఒప్పుకుంటాను. ఎందుకని? వ్యాప్తి లేదు, అంటే నువ్వు చెప్పిన కారణం ఉన్నా నువ్వు తేల్చింది తేలదు అని. హేతువు సిద్ధించలేదు, అంటే ఆ కారణమే నిజమని రుజువు కాలేదు అని. ఈ నాలుగూ దాటి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడినా నవ్వులపాలే. తనకి తాను విరుద్ధంగా మాట్లాడితే నిలబడ్డవాళ్లు చెయ్యి తిరగేసి అరచేతిలో కొట్టి 'ఛా!' అంటారు. ఆ ఛా పడిందంటే ఎంత పండితురాలికైనా చెవులు ఎర్రబడతాయి.

నోర్జోమ్ లేచి వచ్చింది. వచ్చిందే గాని చెయ్యెత్తలేకపోయింది. తల్లి మీదికి చప్పట్లు చరిచి కాలు తన్నడం ఎలా?

"తన్నమ్మా, తన్ను. కడుపులో ఉన్నప్పుడు తన్నలేదూ?" అంది యాంగ్చెన్.

నోర్జోమ్‌కి నవ్వు రాబోయింది. రానివ్వలేదు. జపమాల మోచేతి పైకి లాక్కుంది. ఎడమ కాలు ఎత్తి, "ధీః!" అని కుడి అరచేత్తో ఎడమ అరచేతిని చరిచింది.

"నా బతుకు నాది కాదు!"

"ఎందుకని?"

"దాన్ని నేను ఎంచుకోలేదు కాబట్టి. రెండు ఉండల్లోనూ ఒకటే మాట రాసిపెట్టారు కాబట్టి."

యాంగ్చెన్ సంచీలోంచి సూదులు తీసింది. ఎర్ర సాక్సు ఒకటి మడమ దాకా వచ్చి ఆగి ఉంది. దాని కుట్లు లెక్కపెట్టుకుంటూనే, "వ్యాప్తి లేదు," అంది.

"తెలిసే అంటున్నావా, లేక చిలక పలుకా?"

"తెలిసే. రాసిపెట్టారు, నిజమే అనుకో. అంతమాత్రాన నీ బతుకు నీది కాకుండా పోదు. మా ఇంట్లో పాలున్నాయి. తోడు అయిపోయింది. పక్కింటి పాసంగ్‌ని అడిగి చెంచాడు తోడు తెచ్చి వేశాను. పొద్దున్నకి పెరుగైంది. అప్పుడు పాసంగ్ వచ్చి, నా తోడు లేకపోతే నీకు పెరుగెక్కడిది, గిన్నె ఇటు తే అంటే ఇచ్చెయ్యమంటావా?"

నోర్జోమ్ జపమాల మళ్లీ పైకి లాక్కుంది.

"తోడు మీ నాన్నది. పాలు నీవి. తోడుకున్నది నువ్వు. పాసంగ్ పెరుగు నీళ్లలా ఉంటుంది, నాది గడ్డ కడుతుంది. అదే తోడు. ఎందుకలా అవుతుందో చెప్పు మరి."

"కూర్చున్నవాళ్లు ప్రశ్నలు అడక్కూడదు!"

"అడగలేదు తల్లీ, బాధ చెప్పుకుంటున్నా."

ఈసారి నవ్వు ఆగలేదు నోర్జోమ్‌కి. మూడు రోజుల తర్వాత వచ్చిన నవ్వు, దాంతోపాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. కానీ తర్కం చదివినవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. కళ్లు ఏడుస్తున్నా బుర్ర పని చేసుకుపోతూనే ఉంటుంది. రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ ముందుకొచ్చి చరిచింది.

"పాలకి మనసు లేదు! నేను పెరుగుని కానని పాలు మొండికెయ్యవు. మనిషి మొండికెయ్యగలడు. ఆ వీలు మనిషికి ఇవ్వాలి. నాకు ఇవ్వలేదు."

యాంగ్చెన్ చేతుల్లో సూదులు ఆగాయి.

"ఏడేళ్లప్పుడు ఇవ్వలేదు. ఒప్పుకుంటాను." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "పంతొమ్మిదేళ్లప్పుడు ఉంది. అది కూడా లేదంటే నేను ఒప్పుకోను."

నోర్జోమ్‌కి ఆ చలికాలం గుర్తుంది. నాన్న గుండె నొప్పి వచ్చి క్యాంపులో ఇంటి దగ్గర పడుకుంటే, మఠంలో సెలవడిగి బెజవాడలో స్వెట్టర్ల కొట్లో తల్లికి సాయం వెళ్లింది. ఎర్ర బట్ట విప్పి మామూలు ఆడవాళ్లు వేసుకునే పొడుగు గౌను, చుబా కట్టుకుంది. జుట్టు రెండు అంగుళాలు పెరిగింది. 'తగ్గించమ్మా, తగ్గించమ్మా' అనే ఆడవాళ్లతో బేరాలు నేర్చుకుంది. సాయంత్రాలు కృష్ణ ఒడ్డున కూర్చుని తల్లీకూతుళ్లు మిరపకాయ బజ్జీలు తింటూ, కారానికి ముక్కులు చీదుకుంటూ నవ్వుకునేవాళ్లు. ఒకరోజు తల్లి మామూలుగానే అంది, ఉండిపోతావా అని. ఆలోచిస్తానంది. నెల ఆలోచించింది. ఒక పొద్దున లేచి, ఎర్ర బట్ట సంచీలోంచి తీసి ఉతికి ఆరేసింది. మర్నాడు బస్సెక్కేసింది.

"నేను ఆపలేదు. మీ నాన్న వెళ్లమనలేదు. ఆయనకి నువ్వు బెజవాడ వచ్చావని కూడా తెలీదు. మరి నిన్ను బస్సెక్కించింది ఎవరమ్మా?"

"నేనే ఎక్కాను. కానీ ఆ నేను ఎవరు?" నోర్జోమ్ గొంతు పెద్దదైంది. "పన్నెండేళ్లు ఈ గోడల మధ్య ఉన్న మనసు అది. ఇక్కడి గంటకి నిద్రలేచే మనసు. పంజరం తలుపు తీసినా చిలక మళ్లీ పంజరంలోకే పోతుందమ్మా, దాన్ని ఎంచుకోవడం అంటామా? బతుకుని ఎంచుకున్నది మనసు, సరే. ఆ మనసుని ఎంచిందెవరు?"

ఆ చరుపుకి సిల్వర్ ఓక్ మీద పావురాలు లేచిపోయాయి. ఇదే అసలు ప్రశ్న. మూడు రోజులుగా గొంతులో అడ్డం పడి, అన్నం దిగనివ్వనిది ఇదే.

యాంగ్చెన్ సాక్సుని ఒళ్లో పెట్టుకుని, కూతుర్ని కింది నుంచి పైకి చూసింది. ఎంత పొడుగు పెరిగింది! గుండు మీద చిన్న మచ్చ. మొదటిసారి గుండు గీసినప్పుడు కత్తి తగిలిన చోటు.

"అది నాకు తెలీదమ్మా," అంది చివరికి. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలి. నాకు తెలిసింది ఒక్కటే. రోజూ పొద్దున్నే మీరంతా ఇక్కడ గొంతులు చించుకుంటారు, లోకంలో ఏదీ ఒంటరిగా తనంతట తాను పుట్టదని. కుండకి మట్టి కావాలి, మొలకకి విత్తనం కావాలి, అన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి పుట్టేవేనని. వింటున్నా కదా నేను. మరి కుండా, మొలకా, కొండా, దేవుళ్లూ అందరూ అలా పుట్టాల్సిందే గాని, నోర్జోమ్ మనసు మాత్రం ఎవరి చెయ్యీ తగలకుండా ఆకాశంలోంచి ఊడిపడాలా? అలా ఊడిపడితేనే అది నీదవుతుందా?"

నోర్జోమ్ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఛా!" అంది యాంగ్చెన్, సూది పట్టుకున్న చేతిని తిరగేసి అరచేతిలో కొట్టుకుని. "ఛా! ఛా!"

కూర్చున్నవాళ్లు ఛా అనకూడదు. వందల ఏళ్ల వాదాల్లో ఎవరూ అని ఉండరు. కానీ నోర్జోమ్ ఆ సంగతి ఎత్తలేదు. పదిహేడేళ్లు వల్లెవేసిన మాట. పిల్ల ఆనీలకి తనే నేర్పే మాట. అది తన మీదికి వచ్చేసరికి పప్పులో కాలేసింది. దగ్గరికొచ్చి తల్లి ఎదురుగా కంకర మీద మోకాళ్లు మడిచి కూర్చుని, ఆవిడ ఒళ్లో తల పెట్టుకుంది.

"లే, లే. ఎవరైనా చూస్తే పండితురాలు ఓడిపోయిందంటారు."

"ఓడిపోయానుగా."

"ఊరుకో. తాతకి దగ్గులు నేర్పేంత దాన్నా నేను?" ఆవిడ చెయ్యి కూతురి గుండు నిమురుతూనే ఉంది. గరుగ్గా ఉంది. రేపు గీయించుకోవాలి.

నోర్జోమ్ తల ఎత్తకుండానే అంది. "నువ్వు చెప్పింది బుర్రకెక్కిందమ్మా. గుండె మాత్రం ఒప్పుకోవట్లేదు. నాన్న నన్ను అడగకపోతే పోనీ. అమ్మవారి ముందు ఉత్తుత్తి ఉండలు తిప్పాడు. నేను ఆ గిన్నె వైపు ఎంత నమ్మకంగా చూశానో నాకు గుర్తుంది. ఏడేళ్ల పిల్లని, దేవతని కలిపి మోసం చేశాడు. ఇకమీదట నాన్న కోసం దీపం ఎలా పెట్టను?"

ఇదీ దెబ్బ తగిలిన అసలు చోటు. యాంగ్చెన్ కూతురి భుజం తట్టింది.

"నేను మూడు జవాబులే చెప్పాను. నాలుగోది మిగిలింది. మళ్లీ నిలబడి మొదటి మాట అను."

"అమ్మా, ఇంక చాలు."

"అనమన్నానా!"

నోర్జోమ్ లేచింది. చప్పట్లు చరవలేదు. "నా బతుకు నాది కాదు. రెండు ఉండల్లోనూ ఒకటే మాట, ఆనీ అని రాశారు కాబట్టి."

"హేతువు సిద్ధించలేదు," అంది యాంగ్చెన్.

"అదేమిటి? నువ్వే కదా చెప్పావు!"

"నేను విన్నది చెప్పాను. పోయే మనిషి, ఊపిరి అందక, చెవిలో గొణిగాడు. రెంటిలోనూ ఒకటే రాశానే అన్నాడు. అంతే అన్నాడు. ఏం రాశాడో చెప్పలేదు. ఆనీ అనే అయ్యుంటుందని నేననుకున్నా, నువ్వూ అనుకున్నావు. నాకైతే చదువు లేదు. నీకేమైందమ్మా? ఎవరో చెప్పారని దేన్నీ నమ్మకూడదు, బంగారాన్ని కాల్చి గీటు పెట్టి చూసినట్టు చూడాలి అని పిల్లలకి చెప్తావే! అమ్మ నోరు తెరిచీ తెరవగానే వెళ్లి పేరు కొట్టించుకున్నావు."

నోర్జోమ్‌కి తల కొట్టేసినట్టయింది. మఠంలో నిన్నగాక మొన్న చేరిన పిల్ల ఆనీ కూడా చెయ్యని తప్పు. అడగాల్సిన మొదటి ప్రశ్న అడగలేదు. బాధ ముందుకొస్తే తర్కం గోడ దూకి పారిపోతుందన్నమాట.

"అడిగి ఏం లాభం? ఆ చీటీ నాన్న ధూపంలో వేసేశాడు కదా."

"పడ్డ ఉండలోది వేశాడు. పడని ఉండ?"

యాంగ్చెన్ మెడలోంచి తాయెత్తు పెట్టె తీసింది. అగ్గిపెట్టెకి రెండింతలుండే వెండి పెట్టె. ఆవిడ దాన్ని తెరవడం నోర్జోమ్ పుట్టాక ఎప్పుడూ చూడలేదు. మూత గట్టిగా పట్టేసి ఉంటే ఆవిడ అల్లిక సూదితో తెరిచింది. పసుపు పట్టుగుడ్డలో చుట్టి, రేగిపండంత ఉండ. ఎండి ఎండి నల్లబడి, రాయిలా ఉంది.

"పిట్టలకి వెయ్యమన్నాడు మీ నాన్న. వెయ్యబుద్ధి కాలేదు. నీ బతుకు కాకుండా పోయిన బతుకేదో ఇందులో ఉందనిపించింది. పారేస్తే నిన్ను సగం పారేసినట్టుంటుందని దాచా. ఆయన పోయాక చూద్దామనుకున్నా. నాకు చదవడం రాదు, ఇంకొకరికి చూపిస్తే ఇంటి గుట్టు క్యాంపంతా పాకుతుంది. అందుకని మెళ్లో వేసుకు తిరుగుతున్నా. ఇదుగో, నీది. కొట్టి చూసుకో. లోపల ఏముంటే అది. నీకు ఈ బట్ట వద్దనిపిస్తే రేపు నాతో బెజవాడ వచ్చెయ్. కొట్లో చోటుంది, నా గుండెల్లో అంతకంటే చోటుంది. ఎవరేమనుకున్నా నేను చూసుకుంటా."

ఉండ నోర్జోమ్ అరచేతిలో ఉంది. అంత చిన్నది, ఎంత బరువో! వంగి కంకరలోంచి గట్టి రాయి ఒకటి ఏరింది. మెట్టు మీద ఉండని పెట్టింది. రాయి ఎత్తింది. ఎత్తి, ఆగింది.

"అమ్మా, టైమెంతైంది?"

"మూడున్నర దాటింది."

"దీన్ని చూస్తూ ఉండు. కాకి ఎత్తుకుపోకుండా."

ఉండ అక్కడే పెట్టి ముంగిలి దాటి ఆఫీసు వైపు నడిచింది. మొదట నడిచింది, తర్వాత పరిగెత్తింది. ఆఫీసులో సంగ్మో ఆనీ కవరుకి గమ్ము రాసుకుంటూంది. కళ్లజోడు మీంచి చూసింది.

"అక్కా, జాబితా ఒకసారి ఇవ్వండి."

"మూడు రోజుల కిందట కొట్టెయ్యమన్నావు. ఇప్పుడు ఇమ్మంటున్నావు. ఇంత నిలకడ లేని మనసుతో, రేపు పరీక్షలో మనసు గురించి ఏం చెప్తావే నువ్వు?"

"నిలకడ లేదనే చెప్తానక్కా."

సంగ్మో ఆనీ కిసుక్కున నవ్వి కాగితం తీసింది. పేరు అలాగే ఉంది. గురువుగారు కొట్టనివ్వలేదట. కారణం చెప్పకుండా పేరు తీసెయ్యడం మన మఠంలో లేదు, పక్కన సంతకానికి ఖాళీ ఉంచండి అన్నారట.

నోర్జోమ్ పెన్ను తీసుకుంది. ఆ ఒక్క క్షణం తన మనసుని తనే చూసుకుంది. అందులో నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, గురువుగారు ఉన్నారు, పొద్దుటి గంట ఉంది. వాళ్లందరి మధ్యా ఇంకోటి కూడా ఉంది. చిక్కుముడి లాంటి ఒక వాదం గంటసేపు కొరుకుడు పడక, చివరికి ముడి ఊడినప్పుడు ఒంట్లో పుట్టే సంతోషం. ఆ సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. అది కావాలని మాత్రం తెలుసు. బెజవాడలో కృష్ణ ఒడ్డున అంత హాయిలోనూ వెలితిగా అనిపించింది దాని గురించేనని ఇప్పుడు తెలిసింది. సంతకం పెట్టింది.

తిరిగొచ్చేసరికి యాంగ్చెన్ ఉండకి కాపలాగా మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికెళ్లావే?"

"సంతకం పెట్టొచ్చాను."

"చీటీ చూడకుండానే?" ఆవిడ నోరు వెళ్లబెట్టింది. "ఇందులో ఏముందో తెలీకుండానే పెట్టేశావా?"

"తెలిశాక పెడితే అది చీటీ పెట్టించిన సంతకం అవుతుందమ్మా. ఆనీ అనుంటే కోపంతో మానేసేదాన్ని, బడి అనుంటే నిశ్చింతగా పెట్టేదాన్ని. ఎటూ దీని మాటే వినేదాన్ని. ఒక్కసారైనా ముందు నేను పెట్టి, తర్వాత ఇది ఏమంటుందో చూద్దామనిపించింది."

"అదీ ఎవరో అనిపించిందే అయితే?"

"అయితే కానీ. చదువూ మీరంతా ఇచ్చిందే, మనసూ మీరంతా ఇచ్చిందే. పెట్టిన చెయ్యి మాత్రం ఇదుగో," అని చెయ్యి చూపించింది. వేలికి సిరా అంటుకుని ఉంది. యాంగ్చెన్ ఆ వేలిని తన చీర... కాదు, నడుముకి ముందు కట్టుకున్న చారల గుడ్డ, పాంగ్దెన్ కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుంది. బెజవాడలో అన్నేళ్లు మసలిన మనిషి, అక్కడి అలవాట్లన్నీ ఒంటబట్టాయి.

అప్పుడు నోర్జోమ్ రాయి తీసుకుని కొట్టింది. ఒక దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకి రెండు చెక్కలైంది. ఇరవై ఆరేళ్లయినా పురుగు పట్టలేదు. మధ్యలో గోరంత మడత. జాగ్రత్తగా విప్పింది. నాన్న రాత. అక్షరాల తోకలు పొడుగ్గా లాగే అలవాటు ఆయనది. సిరా కాస్త వెలిసింది గాని ప్రతి అక్షరం తెలుస్తూనే ఉంది.

ఆమె ఒకసారి చదివింది. మళ్లీ చదివింది.

"ఏముందే? ఆనీయేనా?"

"కాదు."

"అయితే బడా?"

"అదీ కాదమ్మా." నోర్జోమ్ కాగితాన్ని తల్లి వైపు తిప్పింది. "'బిడ్డ ఏదంటే అది' అని ఉంది."

యాంగ్చెన్ కళ్లు ఆ కాగితం మీదే ఉండిపోయాయి, చదవడం వచ్చినట్టు.

"రెంటిలోనూ ఒకటే రాశానన్నాడు కదా నాన్న. అంటే పడ్డదాంట్లోనూ ఇదే ఉండాలి. దేవతని మోసం చెయ్యలేదు ఆయన. నన్నూ చెయ్యలేదు." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మరి ఆరోజు ఆనీ అని ఎలా చదివాడమ్మా? నేనేమైనా అన్నానా? నన్ను అడిగాడా?"

ఎప్పటిదో, ఏదో వేళాకోళం అనుకుని ఒక మూల పడేసిన మాట ఇప్పుడు గుర్తుకొస్తూంది యాంగ్చెన్‌కి.

"అడిగాడు," అంది మెల్లగా. "ఉండ పడగానే గుప్పిట్లో పట్టుకుని, విప్పకుండా, నిన్ను దగ్గరికి తీసుకుని, ఇందులో ఏముందంటావు తల్లీ అన్నాడు. నేను ఆట పట్టిస్తున్నాడనుకున్నా."

"నేనేమన్నాను?"

"నువ్వు నా మొహం చూశావు. ఆయన మొహం చూశావు. చూసి, 'ఏదుంటే మీరిద్దరూ ఏడవరో అది ఉంది నాన్నా' అన్నావు."

ఏడేళ్ల పిల్ల. ఏదైనా ఎంచుకోమని లోకమంతా చేతిలో పెడితే, అమ్మానాన్నలు ఏడవకుండా ఉండటాన్ని ఎంచుకుంది. నోర్జోమ్‌కి ఆ పిల్లని ఎత్తుకుని గుండెలకి హత్తుకోవాలనిపించింది.

"అది వినగానే ఆయన ఉండ విప్పి, చాలాసేపు చూసి, ఆనీ అని చదివాడు."

"అయితే ఆనీ అంటే మీరిద్దరూ ఏడవరన్నమాట."

"ఆయన సంగతి నాకు తెలీదు. నేను ఏడ్చేదాన్నమ్మా." యాంగ్చెన్ కూతురి చెయ్యి పట్టుకుంది. "నిన్ను నా దగ్గరే ఉంచుకోవాలని ఉండేది నాకు. ముందు రోజంతా ఆయన కాళ్లావేళ్లా పడ్డాను, బిడ్డని పంపొద్దని. ఆనీ అని పడితే నా గుండె పగుల్తుందని ఆయనకి తెలుసు. తెలిసీ, నా కళ్లలోకి చూస్తూ ఆనీ అని చదివాడు. నేను ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు."

"ఎందుకమ్మా? ఎందుకు ఏడవలేదు?"

యాంగ్చెన్ చెప్పే జవాబు వచ్చే వారం విందాం.